లాడ్జి టీవీల్లో హెచ్‌డీ ఛానళ్ళు 4 నిమిషాలకు ఆగిపోతున్నాయి, ఎస్‌డీ ఛానళ్ళు ఆగట్లేదు. ఐజీఎంపీ స్నూపింగ్‌లో ఎక్కడ తప్పు చేశాను?

పొగతోట వైర్‌మ్యాన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నెల్లూరులో 18 ఏళ్ళుగా కేబుల్ పని చేస్తున్నాను. కోయాక్సియల్ వైరు, స్ప్లిట్టరు, యాంప్లిఫయరు పని అయితే సిగ్నల్ ఎక్కడ పోయిందో పావుగంటలో పట్టుకుంటాను. నెట్‌వర్క్ స్విచ్‌ల పని మూడేళ్ళ నుంచే చేస్తున్నాను. అందుకే తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

పొగతోటలో ఆస్పత్రుల పక్కన ఒక లాడ్జి. నాలుగు అంతస్తులు, అంతస్తుకు 7 గదులు. దిగేవాళ్ళలో ఎక్కువమంది ఆస్పత్రి పని మీద వచ్చినవాళ్ళే. ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు నుంచి వస్తారు. లోపల మనిషి ఆపరేషన్ అయి పడుకుని ఉంటే, ఇక్కడ వీళ్ళు రాత్రంతా నిద్రపట్టక టీవీ పెట్టుకుని కూర్చుంటారు. అందుకే ఈ పని నాకు చిన్న పనిగా అనిపించట్లేదు.

ఉన్న సరంజామా ఇది. మేడ మీద డిష్షులు. రిసెప్షన్ వెనక గదిలో ర్యాక్. గేట్‌వే పెట్టె డిష్ సిగ్నల్ తీసుకుని 24 ఛానళ్ళను మల్టీకాస్ట్‌గా (ఒక్కసారి పంపితే అడిగినవాళ్ళందరికీ అందేలా) స్విచ్‌లోకి వదులుతుంది. వాటిలో 16 ఎస్‌డీ, ఒక్కోటి 3 ఎంబీపీఎస్ దాకా. మిగతా 8 హెచ్‌డీ, ఒక్కోటి 8 ఎంబీపీఎస్ దాకా. కింద 24 పోర్టుల గిగాబిట్ స్విచ్, రెండో అంతస్తులో 16 పోర్టులది. రెండూ మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగల) స్విచ్‌లే. గదుల్లో సెట్‌టాప్ బాక్సులకు ఉన్నది 100 ఎంబీపీఎస్ పోర్టు. రిసెప్షన్ కంప్యూటరు, నాలుగు వైఫై యాక్సెస్ పాయింట్లు కూడా ఇవే స్విచ్‌ల మీద ఉన్నాయి. వీల్యాన్‌లు (అవే స్విచ్‌ల మీద విడివిడి నెట్‌వర్క్‌లు) ఏమీ చేయలేదు, అంతా ఒకటే.

మొదట స్నూపింగ్ ఆన్ చేయకుండా పెట్టాను. ఐజీఎంపీ అంటే బాక్సు ఛానల్ అడిగే భాష, స్నూపింగ్ అంటే స్విచ్ అది విని అడిగిన పోర్టుకే ఆ ఛానల్ పంపడం. ప్రతి గదిలోనూ బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగింది. ర్యాక్ ముందు నిలబడి చూస్తే పోర్టుల లైట్లన్నీ ఒకే తాళానికి కొట్టుకుంటున్నాయి, ఎవరూ దిగని గదుల పోర్టులతో సహా. 24 ఛానళ్ళు కలిపితే 112 ఎంబీపీఎస్ అని అప్పుడు లెక్క వేసుకున్నాను. 100 పట్టే గొట్టంలో 112 పోస్తే పొంగక ఏమవుతుంది.

తర్వాత రెండు స్విచ్‌ల మీదా ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్ చేశాను. ఎవరూ అడగని ఛానళ్ళు ఇంకా అన్ని పోర్టులకూ పోతున్నాయని చూసి, అన్‌నోన్ మల్టీకాస్ట్ దగ్గర ఫ్లడ్ (అన్ని పోర్టులకూ వదలడం) తీసేసి డ్రాప్ (ఎవరికీ పంపకుండా పారేయడం) పెట్టాను. బొమ్మ అద్దంలా వచ్చింది. సంతోషంగా ఇంటికి వెళ్ళాను. అన్నం ముందు కూర్చోకముందే ఫోన్ వచ్చింది, టీవీలు ఆగిపోతున్నాయని.

మళ్ళీ వెళ్ళాను. 204 గదిలో మంచం చివర కూర్చుని, వార్తల హెచ్‌డీ ఛానల్ పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాను. 4 నిమిషాల 23 సెకన్లకు వార్తలు చదివే అమ్మాయి నోరు సగం తెరిచి అలాగే నిలిచిపోయింది. కింద పరిగెత్తే అక్షరాలు కూడా ఆగిపోయాయి. ఛానల్ మార్చి వెనక్కి వస్తే మళ్ళీ వచ్చింది. రెండోసారి 4 నిమిషాల 28. మూడోసారి 4 నిమిషాల 21. ఇంకో గదిలో ఇంకో టీవీ మీద కూడా ఇంతే.

నాకు అర్థం కానిది ఏంటంటే, ఎస్‌డీ ఛానళ్ళు ఆగట్లేదు. భక్తి ఛానల్ ఒకటి పెట్టి రెండు గంటలు వదిలేశాను, గడగడా నడుస్తూనే ఉంది. అదే బాక్సు, అదే వైరు, అదే స్విచ్. హెచ్‌డీ ఆగుతుంది, ఎస్‌డీ ఆగదు.

దీనితో పాటు వైఫై చచ్చిపోయింది. రిసెప్షన్ దగ్గర నిలబడి ఫోన్‌లో డబ్బులు పంపడానికి కూడా పేజీ తెరుచుకోవడం లేదట.

రొట్టెల పండక్కి 28 గదులూ నిండుతాయి. బారాషహీద్ దర్గాకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. "అబ్బయ్యా, అప్పటికి టీవీలు ఆగకుండా ఉంటే చాలు, ఇంకేమీ అడగను" అన్నారు లాడ్జి పెద్దాయన. ఆయన నా మీద ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నాకు టెన్షన్ అందువల్లే ఎక్కువగా ఉంది.

కోవూరు కుర్రాడు

అన్నా, డ్రాప్ పెట్టడమే తప్పు. అన్‌నోన్ మల్టీకాస్ట్‌ని మళ్ళీ ఫ్లడ్‌కి మార్చండి. ఆగిపోవడం ఉండదు. మా ఊళ్ళో ఒకచోట ఇలాగే సరిచేశాను.

పొగతోట వైర్‌మ్యాన్

తమ్ముడూ, ఇప్పుడే మార్చి చూశాను. ఆగిపోవడం పోయింది, నువ్వు చెప్పింది నిజమే. కానీ పది నిమిషాల్లో మళ్ళీ గళ్ళు మొదలయ్యాయి. లైట్లు మళ్ళీ అన్నీ కలిసి కొట్టుకుంటున్నాయి. మొదటికి వచ్చినట్టయింది. తిరిగి డ్రాప్ పెట్టేశాను.

కావలి సీసీకెమెరా

ఫ్లడ్ పెడితే జబ్బు కనిపించకుండా పోతుంది, నయం కాదు. తక్కువ ఛానళ్ళు ఉన్నచోట అది సరిపోయి ఉంటుంది. 112 ఎంబీపీఎస్ ఉన్నచోట సరిపోదు.

మీరు స్టాప్‌వాచ్ పెట్టి కొలిచారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. 4 నిమిషాల 20 సెకన్లు అంటే 260 సెకన్లు. ఆ అంకె చూడగానే చెప్పొచ్చు, మీ నెట్‌వర్క్‌లో క్వెరియర్ లేదు, అంటే ఎవరికి ఏ ఛానల్ కావాలో మధ్యమధ్యలో అడిగేది లేదు.

నాకూ ఇదే జరిగింది. కావలి దగ్గర ఒక రైస్ మిల్లులో కెమెరాలను మల్టీకాస్ట్‌లో పెట్టాను. గేటు కెమెరా, తూకం కెమెరా, గోడౌను కెమెరా, అన్నీ నాలుగు నిమిషాలు దాటగానే నల్లబడేవి. కెమెరాలు మార్చాను, వైర్లు మార్చాను, కరెంటు అడాప్టర్లు మార్చాను. మూడు రోజులు నిద్ర లేదు. చివరికి స్విచ్‌లో ఒక్క టిక్కు పెట్టడంతో పోయింది.

మీ ఎస్‌డీ ఎందుకు ఆగట్లేదో మాత్రం నాకు తట్టలేదు. ఛానళ్ళకు ఏ అడ్రసులు ఇచ్చారు? ఎస్‌డీవీ, హెచ్‌డీవీ విడివిడిగా రాయండి.

పొగతోట వైర్‌మ్యాన్

ఎస్‌డీ: 239.0.0.1 నుంచి 239.0.0.16 దాకా. ఇవి నేను పెట్టినవి, గుర్తుండేలా వరసగా ఇచ్చాను.

హెచ్‌డీ: 239.1.1.1 నుంచి 239.1.1.8 దాకా. ఇవి పెట్టె అమ్మినవాళ్ళు ముందే పెట్టి పంపారు.

పోర్టు నంబర్లు అన్నిటికీ ఒకటే. సెట్‌టాప్ బాక్సులు ఐజీఎంపీ వెర్షన్ 2 అని వాటి మెనూలో ఉంది.

ఒంగోలు అక్క

అడ్రసులు రాసి మంచి పని చేశారు తమ్ముడూ. మీకున్నవి రెండు వేరు వేరు జబ్బులు. ఒకదాన్ని ఇంకోటి కప్పేస్తోంది. నేను ఒంగోలులో ఒక ఆఫీసుకు నెట్‌వర్క్ చూస్తాను, రెండింటినీ వేరువేరుగా చూశాను గానీ ఒకేచోట చూడటం ఇదే మొదటిసారి.

ముందు హెచ్‌డీ సంగతి. స్నూపింగ్ అంటే స్విచ్ పక్కన నిలబడి చెవి ఒగ్గి వినడం. సెట్‌టాప్ బాక్సు "నాకు 239.1.1.3 కావాలి" అని ఒక రిపోర్టు పంపుతుంది. స్విచ్ అది విని, ఆ పోర్టును ఆ గ్రూపు పట్టీలో రాసుకుంటుంది. కానీ రాసుకున్న పేరు ఎప్పటికీ ఉండదు. బడిలో హాజరు లాంటిది. ఎవరో ఒకరు మధ్యమధ్యలో పేర్లు పిలవాలి, ఉన్నవాళ్ళు పలకాలి. ఆ పిలిచేవాడే క్వెరియర్. మామూలుగా 125 సెకన్లకోసారి పిలుస్తాడు. పలకడానికి 10 సెకన్లు గడువు. రెండు పిలుపుల కాలం, ఆపైన ఆ 10 సెకన్లు గడిచినా పలకకపోతే పేరు కొట్టేస్తారు. 125 రెండుసార్లు 250, ఇంకో 10 కలిపితే 260.

మీ లాడ్జిలో పిలిచేవాడు లేడు. బాక్సు ఛానల్ మార్చినప్పుడు ఒకసారి, దాని తర్వాత 10 సెకన్లలోపు ఇంకోసారి తనంతట తాను చెబుతుంది. ఆ తర్వాత ఎవరూ అడగరు కాబట్టి మౌనంగా ఉంటుంది. 260 సెకన్లకు స్విచ్ పేరు కొట్టేస్తుంది. మీరు డ్రాప్ పెట్టారు కాబట్టి ఛానల్ కట్. మీ మూడు కొలతలు 4 నిమిషాల 20కీ 4 నిమిషాల 30కీ మధ్యలో పడటానికి కారణం ఆ రెండో రిపోర్టే. టైమర్ అక్కడి నుంచి మొదలవుతుంది.

ఫ్లడ్ పెట్టినప్పుడు ఎందుకు ఆగలేదో కూడా ఇప్పుడు తెలుస్తుంది. పేరు కొట్టేశాక ఆ ఛానల్ ఎవరూ అడగనిదైపోయి, అందరికీ పోవడం మొదలైంది.

ఇక ఎస్‌డీ సంగతి. నాకు ఇదే ముఖ్యంగా అనిపిస్తోంది, ఎందుకంటే మీ వైఫైని చంపుతున్నది ఇదే.

మల్టీకాస్ట్ ఐపీ అడ్రసును ఈథర్‌నెట్ మ్యాక్ అడ్రసుగా (స్విచ్‌లు మామూలుగా చూసే అడ్రసు) మార్చేటప్పుడు మొత్తం అడ్రసు పోదు. ముందు 01-00-5ఈ అని ఉంటుంది, ఆ వెనక ఐపీలోని చివరి 23 బిట్లు మాత్రమే చేరతాయి. మల్టీకాస్ట్ అడ్రసులో అసలు తేడా చూపేవి 28 బిట్లు. అంటే 5 బిట్లు రాలిపోతాయి. కాబట్టి 32 వేరు వేరు ఐపీ గ్రూపులకు ఒకే మ్యాక్ వస్తుంది.

239.0.0.5 తీసుకోండి. దాని మ్యాక్ 01-00-5ఈ-00-00-05. 224.0.0.5 మ్యాక్ కూడా అదే. ఈ 224.0.0 తో మొదలయ్యే వరస రూటర్లు, స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకోవడానికి కేటాయించినది. 224.0.0.1 నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ, 224.0.0.2 రూటర్లకు, 224.0.0.5 ఓఎస్‌పీఎఫ్‌కి (రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి). వీటిని స్నూపింగ్ ఆపకూడదు, అన్ని పోర్టులకూ వదలాలి అనేది నియమం. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4541 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం స్విచ్‌లు తయారుచేసేవాళ్ళకు చెప్పింది ఇదే. ఐపీ అడ్రసు చూసి పంపే స్విచ్ అయితే తేడా పట్టుకుంటుంది. మీది మ్యాక్ చూసి పంపుతోంది. దాని కంటికి మీ భక్తి ఛానల్, రూటర్ల మాటలు ఒకటే. అందుకే డ్రాప్ పెట్టినా వదులుతోంది.

అంటే మీ 16 ఎస్‌డీ ఛానళ్ళు స్నూపింగ్ ఉన్నా లేకున్నా ప్రతి పోర్టుకూ పోతున్నాయి. 16 మూళ్ళు 48 ఎంబీపీఎస్. ఈ 48కి ఒక హెచ్‌డీ 8 కలిస్తే 56, సెట్‌టాప్ బాక్సు 100లో సరిపోతుంది కాబట్టి టీవీ మీద మీకు తెలియలేదు. కానీ యాక్సెస్ పాయింటు పోర్టుకు కూడా ఆ 48 పోతోంది. వైఫైలో మల్టీకాస్ట్ అందిందో లేదో ఎవరూ తిరిగి చెప్పరు. అందుకని అందరికీ అందేలా అన్నిటికన్నా నెమ్మది వేగంతో పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో అది 1 ఎంబీపీఎస్ కూడా కావచ్చు. ఆ దారిలో 48 తోస్తే ఇక ఫోన్‌కి చోటెక్కడ ఉంటుంది?

చేయాల్సిన పని:

ఎస్‌డీ ఛానళ్ళను 239.0.0 నుంచి తీసేయండి. 239.1.2.1 నుంచి 239.1.2.16 దాకా ఇవ్వండి. 239.128.0 వరస కూడా వద్దు, దానికీ అదే మ్యాక్ వస్తుంది. ముందుగా ఈ పని చేసి, లైట్లు చూడండి.

తర్వాత కింది స్విచ్‌లో, గేట్‌వే పెట్టె తగిలించిన దానిలోనే, క్వెరియర్ ఆన్ చేయండి. పై అంతస్తు దాంట్లో వద్దు. క్వెరియర్ ఉన్న వైపు పోర్టును మిగతా స్విచ్ రూటర్ పోర్టుగా గుర్తుపెట్టుకుని, మల్టీకాస్ట్ అంతా అటు పంపుతుంది. క్వెరియర్ పైన ఉంటే ఎవరూ చూడకపోయినా 24 ఛానళ్ళూ మేడెక్కుతాయి. క్వెరియర్‌కు ఆ వీల్యాన్‌లో సరైన ఐపీ ఇవ్వండి, 0.0.0.0 గా వదలొద్దు. వెర్షన్ 2 పెట్టండి, మీ బాక్సులు మాట్లాడేది అదే కాబట్టి.

డ్రాప్ అలాగే ఉంచండి. క్వెరియర్ ఉన్నప్పుడు అది సరైన సెట్టింగే.

ముత్తుకూరు రాత్రి డ్యూటీ

అక్క చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను.

ఒకటి, టీవీలను వేరే వీల్యాన్‌లో పెట్టండి. రిసెప్షన్ కంప్యూటరు, వైఫై ఒక వీల్యాన్. గేట్‌వే పెట్టె, గదులు ఇంకో వీల్యాన్. రెండు స్విచ్‌ల మధ్య వైరు మీద రెండూ ట్యాగ్‌తో (ఏది ఏ వీల్యాన్‌దో చెప్పే గుర్తుతో) పోవాలి. రేపు ఎవరైనా కొత్త ఛానల్ తప్పు అడ్రసుతో పెట్టినా వైఫై దాకా రాదు. క్వెరియర్‌ను టీవీ వీల్యాన్ మీద ఆన్ చేయాలని మర్చిపోకండి. చాలామంది వీల్యాన్ 1 మీద పెట్టేసి, పని చేయట్లేదని తల పట్టుకుంటారు.

రెండు, ఫాస్ట్ లీవ్ అని ఒక ఆప్షన్ కనిపిస్తుంది. ఛానల్ మార్చగానే పాతది వెంటనే కట్ చేస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. ఒక పోర్టుకు ఒకే టీవీ ఉంటేనే పెట్టండి. మీ దగ్గర ఎక్కడైనా ఒక పోర్టు నుంచి చిన్న స్విచ్ పెట్టి రెండు టీవీలకు ఇచ్చారా?

ఇంకో సంగతి, నెట్ కంపెనీవాళ్ళు ఇచ్చిన రూటర్ కూడా క్వెరీలు పంపుతూ ఉండొచ్చు. ఇద్దరు క్వెరియర్లు ఉంటే ఐపీ అడ్రసు చిన్నదిగా ఉన్నవాడు గెలుస్తాడు. వీల్యాన్ వేరు చేస్తే ఆ గొడవ కూడా ఉండదు.

పొగతోట వైర్‌మ్యాన్

ముత్తుకూరు అన్నా, ఉన్నాయి. 301, 401 ఫ్యామిలీ రూములు. గోడలో ఒకటే వైరు ఉంటే, మంచం వెనక 5 పోర్టుల మామూలు స్విచ్ పెట్టి రెండు టీవీలకు ఇచ్చాను. ఫాస్ట్ లీవ్ నిన్ననే ఆన్ చేసి ఉన్నాను, ఛానల్ త్వరగా మారుతుందని. అలా చేస్తే ఏమవుతుంది?

ముత్తుకూరు రాత్రి డ్యూటీ

రెండు టీవీల్లోనూ ఒకే ఛానల్ ఉందనుకోండి. ఒకరు రిమోట్ నొక్కి వేరే ఛానల్‌కు వెళ్తే, స్విచ్ ఇంకెవరైనా ఉన్నారా అని అడగకుండా ఆ పోర్టుకు కట్ చేస్తుంది. పక్క టీవీలో బొమ్మ ఆగిపోతుంది. మళ్ళీ క్వెరియర్ పిలిచి, ఆ టీవీ పలికేదాకా అంతే, రెండు నిమిషాల దాకా పట్టొచ్చు. ఫాస్ట్ లీవ్ లేకపోతే సెకనుకోసారి చొప్పున రెండుసార్లు అడిగి, ఎవరూ పలకకపోతేనే కట్ చేస్తుంది. కాబట్టి మీరు పోగొట్టుకునేది ఆ రెండు సెకన్లే. ఆ రెండు పోర్టులకైనా తీసేయండి.

కావలి సీసీకెమెరా

239.0.0 సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు అక్కా. రైస్ మిల్లు కెమెరాలకు నేను ఇచ్చింది 239.0.0 వరసే. క్వెరియర్ పెట్టాక నడుస్తోంది కదా అని వదిలేశాను. అక్కడ ఆఫీసులో ప్రింటరు నెమ్మదిగా ఉందని అప్పుడప్పుడూ అంటూనే ఉన్నారు. సోమవారం వెళ్ళి మారుస్తాను.

పొగతోట వైర్‌మ్యాన్

అక్కా, అన్నా, తమ్ముడూ, మీ అందరికీ చెప్పాలని కూర్చున్నాను. ఇప్పుడు రాత్రి 11 దాటింది, లాడ్జి రిసెప్షన్ బల్ల మీద నుంచే రాస్తున్నాను.

మధ్యాహ్నం గదులు ఖాళీ అయ్యే సమయం చూసి మొదలుపెట్టాను. అక్క చెప్పిన వరసలోనే చేశాను. ముందు ఎస్‌డీ అడ్రసులు మార్చాను. పదహారూ పూర్తయ్యాక ర్యాక్ దగ్గరికి వచ్చి చూస్తే, 18 రోజులుగా ఒకే తాళానికి కొట్టుకున్న లైట్లలో సగం నెమ్మదించాయి. కొన్ని పోర్టులు అప్పుడప్పుడూ ఒక్కసారి మెరిసి ఊరుకుంటున్నాయి. అప్పటికింకా వీల్యాన్ ముట్టుకోలేదు. రిసెప్షన్‌లో కుర్రాడు తనంతట తానే అడిగాడు, "అన్నా, వైఫై ఏం చేశావు, పేజీలు టకటకా వస్తున్నాయి" అని.

క్వెరియర్ పెట్టకముందు ఒక పరీక్ష చేశాను. అక్క చెప్పింది నిజమైతే, అడ్రసు మారిన ఎస్‌డీ ఛానళ్ళు కూడా ఇప్పుడు ఆగాలి. 204లో అదే మంచం మీద కూర్చుని భక్తి ఛానల్ పెట్టాను. అంతకుముందు రెండు గంటలు ఆగకుండా నడిచిన ఛానల్, 4 నిమిషాల 25 సెకన్లకు హారతి పళ్ళెం గాల్లో ఉండగా ఆగిపోయింది. బొమ్మ ఆగినందుకు సంతోషపడటం నా సర్వీసులో ఇదే మొదటిసారి.

తర్వాత టీవీలకు వీల్యాన్ 20 చేశాను. సెట్‌టాప్ బాక్సులకు ఐపీలు ఇచ్చేది గేట్‌వే పెట్టెలోని డీహెచ్‌సీపీనే కాబట్టి అక్కడ ఇబ్బంది రాలేదు. కింది స్విచ్‌కు 192.168.20.2 ఇచ్చి, వీల్యాన్ 20 మీద క్వెరియర్ ఆన్ చేసి, వెర్షన్ 2 పెట్టాను. పై స్విచ్‌లో రూటర్ పోర్టు అని చూస్తే, రెండు నిమిషాల్లో కింద నుంచి వచ్చే వైరు పోర్టు నంబరు దానంతట అదే కనిపించింది. 301, 401 పోర్టులకు ఫాస్ట్ లీవ్ తీసేశాను.

గ్రూపుల పట్టీ తెరిచి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. 239.1.2.4 ఎదురుగా పోర్టులు 3, 9, 11. అంటే మూడు గదుల్లో భక్తి ఛానల్ చూస్తున్నారు. 239.1.1.2 ఎదురుగా పోర్టు 6 ఒక్కటే. చూస్తుండగానే 9 అక్కడి నుంచి పోయి ఇంకో గ్రూపు పక్కన చేరింది. కోయాక్సియల్ రోజుల్లో ఏ ఇంట్లో ఏం చూస్తున్నారో మాకు తెలిసే దారే లేదు. వైరు చివర ఏముందో అద్దం పెట్టి చూపించినట్టుంది. ఎవరు ఏం చూస్తున్నారో బయటికి చెప్పే పని కాదు కాబట్టి, ఆ పేజీకి పాస్‌వర్డ్ మార్చి పెద్దాయన చేతికి ఇచ్చాను.

సాయంత్రం 6 నుంచి ఇప్పటిదాకా ఒక్క ఫోన్ కూడా రాలేదు. 204లో ఇప్పుడు పామూరు నుంచి వచ్చినాయన ఉన్నారు, భార్యకు ఉదయం ఆపరేషన్ అట. మంచినీళ్ళకు కిందికి వచ్చినప్పుడు టీవీ ఎలా వస్తోందని అడిగాను. వస్తోంది నాయనా అని చెప్పి పైకి వెళ్ళారు.

కోవూరు తమ్ముడూ, నువ్వు చేసినచోట కూడా ఒకసారి ఛానళ్ళు లెక్కపెట్టు. నేను ఆదివారం 301, 401 గదులకు రెండో వైరు లాగుతున్నాను.